అర్థం కాని ఇంగ్లీషు ఎవరి కోసం?

విజయవాడలోని ఒక కార్యాలయం నుంచి మా అపార్ట్‌మెంటు సంఘానికి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరాన్ని డిగ్రీలు చదివిన నలుగురం కలిసి చదివినా, నీటి పన్ను బకాయి ఎంతో, ఎప్పటిలోగా కట్టాలో తేల్చుకోలేకపోయాము. ‘విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్’ అని మొదలై, పాత ఉత్తరాల సంఖ్యలన్నీ దాటుకుని, ‘డూ ద నీడ్‌ఫుల్’ అని ముగిసిన ఆ పేజీలో మేము చేయవలసిన పని ఏమిటో మాత్రం లేదు. వెళ్లి అడిగితే గుమస్తాగారు అర నిమిషంలో తెలుగులో చెప్పేశారు. అదే ముక్క రాయవచ్చు కదా అంటే, ‘ఫార్మాట్ అదేనండీ’ అన్నారు.

ఈ జబ్బు మనకొక్కరికే కాదు. ఐరోపా సమాఖ్య పత్రాల్లో ఫ్రెంచి వాసన కొట్టే ఇంగ్లీషు పేరుకుపోవడంతో, అక్కడి ఆడిటర్ల కోర్టు (సమాఖ్య లెక్కలు తనిఖీ చేసే సంస్థ) అనువాద విభాగం 2013లో తప్పుగా వాడుతున్న మాటల జాబితానే వెలువరించింది. అమెరికాలోనైతే ప్రభుత్వ పత్రాలు సులభంగా ఉండాలని 2010లో చట్టమే చేశారు. మనకు 1966 నాటి అధికార భాషా చట్టం ఉన్నా తెలుగులో రాయరు, సరే. రాసే ఆ ఇంగ్లీషులోనైనా సొమ్మెంతో, గడువెప్పుడో మొదటి వాక్యంలోనే చెప్పడానికి ఏ ఫార్మాట్ అడ్డొస్తుందో నాకు బోధపడదు.