వీపీఎన్ ఆపేస్తే మోసాలు ఆగుతాయా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నెట్‌లో మనం ఎక్కడి నుంచి వస్తున్నామో దాచే వీపీఎన్ సేవలను నిషేధిస్తే సైబర్ మోసగాళ్లు దొరికిపోతారట. మన మెసేజ్‌లు తెరిచి చదవడానికి ప్రతి యాప్‌కీ పోలీసుల దగ్గర ఒక మారుతాళం ఉండాలట. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికే హ్యాకర్లను లోపలేయాలట. తప్పు చేయనివాడికి భయమెందుకని చివర్లో ఒక చురక.

వీపీఎన్ సంగతి మన దేశంలో కొంత చూసేశాం. కస్టమర్ల పేర్లు, చిరునామాలు ఐదేళ్లపాటు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వీపీఎన్ కంపెనీలను ఆదేశించింది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఎక్స్‌ప్రెస్ అయితే సింగపూర్, బ్రిటన్‌ల నుంచే ఇండియా ఐపీ అడ్రస్ (నెట్‌లో మన చిరునామా) ఇస్తామంది. వివరాలూ రాలేదు, ఉన్న సర్వర్లూ పోయాయి. మోసగాడు ఐపీ దాచుకోడని నేననను. కానీ నిషేధానికి తలొగ్గేది వాడు కాదు. 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించేవాడికి మామూలు వీడియో కాల్ చాలు, డబ్బు లాగడానికి అద్దె బ్యాంకు ఖాతా చాలు. ఆ ఖాతాల ఊసు ఈ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

అన్నిటికన్నా ప్రమాదం ఆ మారుతాళమే. గ్రీసులో వొడాఫోన్ ఎక్స్ఛేంజీల్లో చట్టబద్ధ నిఘా కోసం సాఫ్ట్‌వేర్ ఉండేది. 2004-05లో ఎవరో దొంగచాటుగా దాన్ని వాడుకుని సాక్షాత్తూ ప్రధానమంత్రి ఫోన్‌తో కలిపి సుమారు వంద ఫోన్లు విన్నారు. అమెరికా 1994లో చట్టం చేసి మరీ టెలికాం కంపెనీలచేత ఇలాంటి ఏర్పాటు పెట్టించింది. చైనా హ్యాకర్లు ఆ వ్యవస్థల్లోకే దూరారని 2024లో బయటపడింది. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవకుండా మెసేజ్‌కు వేసే తాళం) ఉన్న యాప్‌లే వాడండని జనానికి చెప్పింది అక్కడి అధికారులే! అదే అమెరికా 1990లలో విదేశాలకు వెళ్లే సాఫ్ట్‌వేర్‌లో బలహీనమైన తాళాలే ఉండాలని పట్టుబట్టింది. ఆ నిబంధన పోయాక కూడా పాత తాళాలు సర్వర్లలో మిగిలిపోయాయి. వాటిని పగలగొట్టి వెబ్‌సైట్లకు వెళ్లే సమాచారం చదవొచ్చని 2015లో ఫ్రీక్ అనే లోపం బయటపడ్డప్పుడు తేలింది.

ఇక లోపాలు వెతికేవాళ్ల మాట. ఈవీఎంలో లోపాలు చూపించిన హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్‌ను 2010 ఆగస్టులో అరెస్టు చేశారు, ఆ యంత్రం ఎవరిచ్చారో చెప్పమని. మన ఐటీ చట్టంలోనూ అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్తే 43, 66 సెక్షన్లున్నాయి. ఏ సైట్‌లోనో లోపం కనబడిన కుర్రాడు కేసు టెన్షన్‌తో నోరు మూసుకుంటాడు. దొంగకు ఆ టెన్షన్ లేదు.

తప్పు చేయనివాడి భయం చూడాలంటే బజారులో ఏ జెరాక్స్ షాపుకైనా వెళ్లండి. మనం వాట్సాప్‌లో పంపిన ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ ప్రింటయ్యాక కూడా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే పడి ఉంటాయి, పక్కన నిలబడ్డవాళ్లకు స్క్రీన్ మీద పేర్లతో సహా కనిపిస్తూ. మెసేజ్ రాసినాయనకు అక్కడ నిషేధించాల్సిందేమీ కనబడలేదు.