పీకినా మళ్లీ వస్తాయి, నిజమే. అయితే మానేయాలా?

నగరాల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో, చెరువు గట్ల మీద చుట్టుపక్కల జనం కలిసి, బయటి నుంచి వచ్చి అల్లుకుపోయిన పిచ్చి మొక్కలు తీసేస్తున్నారని తెలిస్తే చాలు, ఒకే వాదన షేర్ల మీద షేర్లు అవుతోంది: "ఏ మొక్కైనా పచ్చదనమే. పరాయి మొక్కలంటూ పీకడం ఒక రకం ద్వేషం. పీకినా మళ్లీ వస్తాయి. అంతగా కావాలంటే మెషిన్లు పెట్టి ఒక్కసారిగా చదును చేయించాలి గానీ, కాలనీవాళ్ల వల్ల ఏమవుతుంది?" వినడానికి సబబుగానే ఉంటుంది. నేల మీదికి దిగి చూస్తే నిలబడదు.

ముందు పచ్చదనం సంగతి. దట్టంగా అల్లుకున్న లంటానా పొద కింద వంగి చూడండి. పైన రంగురంగుల పూలు, సీతాకోకచిలుకలు. కింద ఎండు కొమ్మలు, చీకటి, దాదాపు వట్టి మన్ను. పక్కనున్న పెద్ద చెట్టు విత్తనం అక్కడ రాలినా మొలక పైకి లేవడం కష్టం. రేపు ఆ చెట్టు పడిపోతే దాని చోటు కూడా లంటానాదే. గుర్రపుడెక్క చెరువును కప్పేస్తే అడుగుకు వెలుతురు అందదు, నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. వయ్యారిభామ తగిలితే చాలామందికి దద్దుర్లు, కొందరికి ఆయాసం. ఇవన్నీ పచ్చగా ఉండే మొక్కలే.

ద్వేషమన్న మాట అసలు అతకదు. బంతి మెక్సికో వైపు నుంచి వచ్చింది, కాగితంపూలు దక్షిణ అమెరికావి. వాటి జోలికి ఎవరూ పోవడం లేదు. ఎక్కడ పుట్టిందన్నది కాదు, వచ్చిన చోట మిగతావాటిని బతకనిస్తోందా అన్నదే ప్రశ్న.

ఇక "మళ్లీ వస్తాయి" అన్నది. వస్తాయి. వయ్యారిభామ ఒక్క మొక్కే 15,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. గుర్రపుడెక్క విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. కానీ చాలాచోట్ల మళ్లీ రావడానికి కారణం పని తప్పుగా చేయడం. లంటానాను మోకాలెత్తున నరికితే ఇంకా గుబురుగా చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో వాడిన పద్ధతి వేరు. కాండం వేరుతో కలిసేచోటే చిగుర్లు పుడతాయి కాబట్టి, దానికి కాస్త కింద, మట్టిలోపల తల్లివేరును నరుకుతారు. తిరిగి వేళ్లు పట్టకుండా పొదను తలకిందులుగా పెడతారు. పండ్లు తిన్న పక్షులు వాలే చెట్ల కింద మొలకలు ఏరేస్తారు, ఖాళీ అయిన చోట స్థానిక గడ్డి వేస్తారు. వయ్యారిభామనైతే పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు గ్లౌజులు వేసుకుని వేరుతో సహా లాగాలి.

మెషిన్లతో చదును చేస్తే? అడుగున పడి ఉన్న విత్తనాలు పైకొస్తాయి, మిగిలిన స్థానిక మొలకలు కూడా పోతాయి. గుల్లబారిన ఖాళీ నేలలో ముందు లేచేది మళ్లీ ఆ కలుపే. సిడ్నీలోని మోస్‌మన్‌లో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు 1960లలో దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టారు. బాగున్న అడవి వైపు నుంచి మొదలుపెట్టి కలుపు వైపు జరగడం, మట్టిని వీలైనంత తక్కువ కదపడం, స్థానిక మొక్కలు తేరుకునే వేగాన్ని బట్టే తర్వాతి ముక్క తీయడం. వాళ్లు వాడినవి చిన్న చేతి పనిముట్లే.

ఇంత ఓపిక పనికి బిల్లు తీసుకుని వెళ్లిపోయే కాంట్రాక్టర్ సరిపోడు. వాన పడ్డ వారానికి ఏ మూల కొత్త మొలకలు లేచాయో కనిపెట్టేది రోజూ అక్కడ నడిచేవాళ్లే. అందుకే కాలనీవాళ్లు ఉండాలి అనేది. ఒక్కరోజు వందమంది వచ్చి ఫొటో దిగి పోవడం కన్నా, నెలనెలా పదిమంది అదే ముక్కకు తిరిగి రావడం మేలు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. లంటానా పొదల్లో పిట్టలు గూళ్లు పెడతాయి. కాబట్టి గూళ్ల కాలంలో ఆగాలి, ఒకేసారి అంతా ఖాళీ చేయకూడదు. కలుపు మందులు, పెద్ద సర్కారు తుమ్మ మొదళ్లు శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయాలి. పోల్చుకోలేని మొక్కను తెలిసినవాళ్లు చూసేదాకా ముట్టుకోవద్దు.