రాసుకుపోయినవి యాడికి పాయె?

కొన్నేళ్ల కిందట అనంతపురం పల్లెల్లో ఒక విదేశీ సర్వే బృందానికి దుబాసీగా రెండు వారాలు తిరిగాను. కరవు, అప్పులు, వలసలు... ఇవీ ప్రశ్నలు. ఒక ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయన సగం దాకా ఓపిగ్గా చెప్పి ఆగిపోయాడు. "పోయినేడు వచ్చినోళ్లూ ఇవే అడిగిరి కదప్పా. వాళ్లు రాసుకుపోయినవి యాడికి పాయె?" ఆ మాట ఇంగ్లిష్‌లో చెబితే బృందం నాయకుడు నవ్వి ఊరుకున్నాడు. ఫారంలో దానికి గడి లేదు.

విదేశీయులతో కలిసి చేసే పరిశోధన న్యాయంగా ఉందా అంటే, అచ్చయిన పరిశోధన పేపర్ మీద మనవాళ్ల పేర్లు ఉన్నాయా అని చూస్తాం. చూడాల్సిందే, కానీ అంతటితో తేలదు.

బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం ఒకప్పుడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిద అక్కడ పొరగా పేరుకుంది. ఆ పొరకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్లలో పెద్ద తేడా లేదని, అంటే అంత ఉత్పాతాన్నీ ఇక్కడి మనుషులు తట్టుకుని ఉండొచ్చని 2007లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కేంబ్రిడ్జి నుంచి మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ నుంచి రవి కొరిశెట్టర్ అనే పురావస్తు పరిశోధకులు కలిసి చేసిన పని. పేర్ల లెక్కలో లోటేమీ లేదు. అయితే అదే బూడిద స్థానికంగా తవ్వి అమ్ముకునే సరుకు కూడా. ఒకరికి ఆధారం, ఒకరికి కూలి. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా ఎవరు కూర్చోబెట్టాలన్నది పరిశోధన నిధుల కోసం దరఖాస్తు రాసే రోజే తేలాలి. గుంతలు పూడ్చాక ఎవరికి పడుతుంది?

మన సంస్థ పక్కన ఉంటే చాలు, అంతా సవ్యంగా జరుగుతుందన్న ధీమా కూడా వద్దు. 2009లో ఖమ్మం జిల్లాలో అమెరికా సంస్థ పాత్ చేపట్టిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టులో భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం రెండూ భాగస్వాములే. అయినా హాస్టల్ అమ్మాయిల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ.

అనంతపురంలోనే ఇంకో దారి కనిపిస్తుంది. 1940ల నాటి టీఎంవీ-2 శనక్కాయను వదలని రైతుల పొలాల్లోనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కొత్త రకాలు వేయించి, ఎంచుకోమంది. అలా నిలబడింది ఐసీజీవీ 91114 అనే రకం. కాయ ఒక్కటే చూస్తే మన రైతుకు కుదరదు, కాయ తీశాక మిగిలిన కట్టె పశువు తినాలి, నడుమ వాన ఎగ్గొట్టినా పైరు తట్టుకోవాలి. ఆ లెక్కలు శాస్త్రవేత్తల బల్ల మీద ఉండవు, దొడ్లో ఉంటాయి. ఏది మంచి రకమో తేల్చడంలో రైతుకు వాటా ఇచ్చారు కాబట్టే దాన్ని భాగస్వామ్యం అంటున్నాను.

మా సర్వేలో నాది రోజుకూలి, విశ్లేషణ వాళ్లది. నేను చూసిన బడ్జెట్ కాగితంలో విమానం టికెట్లకు పద్దు ఉంది, ల్యాప్‌టాప్‌లకు ఉంది. ఫలితాలను తెలుగులో రాసి ఊళ్లో చదివి వినిపించడానికి ఒక్క రూపాయి లేదు. చట్టం కూడా అంతే. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఇక్కడి మొక్కను గానీ, దాని గురించి ఊరికి తెలిసిన సంగతిని గానీ విదేశీయులు పరిశోధనకు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. రైతు అప్పుల లెక్క మొక్క కాదు కాబట్టి ఆ గేటు దాటాల్సిన పని లేదు.

దక్షిణాఫ్రికాలో సాన్ అనే ఆదివాసులు పరిశోధకులతో విసిగిపోయి, తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకు 2017లో తామే నియమావళి రాసి ఇచ్చారు. మన గ్రామసభలు కూడా ఒక పేజీ రాసుకోవచ్చు. మొదటి షరతు ఆ పెద్దాయన ఎప్పుడో చెప్పేశాడు: పోయినేడు రాసుకుపోయినవి ముందు ఇక్కడ చదవండి, ఆ తర్వాత కొత్త ఫారాలు తీయండి.