ఆ ఒక్క రోజును తీసేయకండి

పోయిన మిత్రుడి జ్ఞాపకార్థం కిలిమంజారో ఎక్కి, కొండల మీద బరువులు మోసేవాళ్ళ పిల్లల చదువుకు విరాళాలు సేకరించాలనుకున్న మా బృందానికి ఈ ఉదయం నిర్వాహకుల నుంచి ఒక సందేశం వచ్చింది. మరాంగు దారిలో ఆరు రోజులుగా అనుకున్న యాత్రను ఐదు రోజులకు కుదించారట. హొరొంబో శిబిరంలో ఆగవలసిన రోజును తీసేస్తే తలా కొంత ఖర్చు తగ్గుతుందనీ, ఆ మిగులు విరాళంలో కలుస్తుందనీ రాశారు. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు. చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు.

ఆ రోజు విశ్రాంతి కోసమని సరదాగా పెట్టుకున్నది కాదు. హొరొంబో సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉంటుంది, మర్నాడు పడుకోవలసిన కిబో 4,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యులు చెబుతుండగా, ఇక్కడ ఒక్క రోజులో 1,000 మీటర్లు పెరిగి, ఆ అర్ధరాత్రే లేచి 5,895 మీటర్ల శిఖరానికి నడక మొదలుపెట్టాలి. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర అందేదానిలో దాదాపు సగమే. ఆ లోటుకు ఒళ్ళు అలవాటు పడాలంటే సమయం కావాలి. పట్టుదల ఎంత ఉన్నా ఆ పని చేయదు.

మా మిత్రుడు పోయింది ఇలాగే కాబట్టి, ఇది మాలో ఎవరికీ కొత్త సంగతి కాదు. మొదట పొడిదగ్గు వచ్చింది, తర్వాత నాలుగడుగులకే ఆయాసం. ఆ రాత్రి పడుకుంటే ఊపిరాడక, గుడారంలో సామాను సంచులకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. టార్చి వెలుగులో చూస్తే గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఆ జబ్బులో, వెంటనే కిందికి దించితే బతికేవాళ్ళే ఎక్కువ. దించేద్దామని నేను అడిగితే, "ఎత్తుకు వచ్చాక దగ్గు మామూలే, పొద్దున చూద్దాం" అన్న పెద్దమనిషి ఇప్పుడు ఈ యాత్ర నిర్వాహకుల్లో ఒకరు. రోజు తగ్గిద్దామన్న ఆలోచన కూడా ఆయనదే. సంతాప సభలో ఆయన, "కొండ అతణ్ణి తనలో కలుపుకుంది" అన్నారు. ఆ మాట నేను ఈనాటికీ క్షమించలేదు. కొండ ఏమీ చేయలేదు. ఆ రాత్రి దించకపోవడం వల్ల పోయాడు.

తెల్లవారుజామున అతణ్ణి వంతులవారీగా వీపున వేసుకుని దించింది బరువులు మోసేవాళ్ళే. వాళ్ళలో ఒకాయన తన కోటు విప్పి అతనికి తొడిగి, ఆ చలిలో పలచని చొక్కాతో నడిచాడు. అందుకే నిర్వాహకుల సందేశంలోని "ఇంకా చౌకగా చేసే సంస్థ దొరికింది" అన్న వాక్యం కూడా నాకు మింగుడు పడలేదు. పార్కు రుసుములు ఏ సంస్థకూ తగ్గవు. తగ్గేది మోసేవాళ్ళ కూలి, తిండి, కాళ్ళకు ఉండవలసిన బూట్లు. కిలిమంజారో మీద మనిషికి 20 కిలోలకు మించి మోయించకూడదన్న హద్దు ఉన్నా, దాన్ని దాటించే సంస్థలూ ఉన్నాయి. వాళ్ళ పిల్లల చదువుకని విరాళం అడుగుతూ, వాళ్ళ కూలిలోనే కోతపెట్టి ఆ విరాళాన్ని పెంచుతామంటే ఎలా ఒప్పుకోవాలి?

ఐదు రోజుల్లో ఎక్కి క్షేమంగా దిగినవాళ్ళు ఎంతమంది లేరు అంటున్నారు. ఉన్నారు. ఆనాడు ఆ శిబిరానికి చేరిన మాలో కూడా అతను తప్ప అందరమూ క్షేమంగానే ఉన్నాం.

ఆ రోజును తిరిగి చేర్చి, మోసేవాళ్ళకు న్యాయమైన కూలి ఇచ్చే సంస్థతోనే వెళ్ళాలని నిర్వాహకులకు రాశాను. కాదంటే నేను రాను, నా మాట మీద విరాళం ఇచ్చినవాళ్ళందరికీ కారణం చెప్పి వాళ్ళ డబ్బు వెనక్కి ఇప్పిస్తాను. ఇక ఈ యాత్ర పోస్టరు మీద మా మిత్రుడి పేరు, ఫొటో ఉండాలా వద్దా అన్నది వాళ్ళ అమ్మగారే చెప్పాలి. ఈ రాత్రికి ఆవిడకు ఫోన్ చేసి జరిగిందంతా చెబుతాను.