సారు క్వెరీకి పగ్గం

విజయనగరం గంటస్తంభం దగ్గరున్న మా ఆఫీసులో రోజూ పదకొండు గంటలకి కంప్యూటర్లన్నీ ఒక్కసారే బిగుసుకుపోతాయి. సారు రిపోర్టు నొక్కారన్నమాట. ఆఫీసు పెట్టిన నాటి నుంచి నిన్నటిదాకా, ఉన్న పద్దులన్నీ కావాలి ఆయనకి. అటెండరు ఒక్కో టేబుల్ దగ్గరికీ వచ్చి "సారు నొక్కేసినారు బావూ, టీకి ఎల్లొచ్చీండి" అంటాడు. క్వెరీల (అంటే కంప్యూటర్‌లో దాచిన పద్దుల్ని అడిగే ప్రశ్నల) దూకుడుకి కళ్లెం వేసే సాధనాల్లో నేను చూసినంతలో ఇంతకంటే నమ్మకమైనది లేదు.

అయినా పద్దులు దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో ఏది బాగా కళ్లెం వేస్తుందో శాస్త్రీయంగా తేల్చాలని కమిటీ వేశారు. నేనూ సభ్యుణ్ణే.

ఒరాకిల్ డేటాబేస్‌లోని రిసోర్స్ మేనేజర్ అందరికీ నచ్చింది. వాడేవాళ్లని గుంపులు చేసి ఎవరికెంత సీపీయూ అన్నది ముందే రాసిపెట్టుకోవచ్చు. టైం దాటి సాగదీసే క్వెరీని కింది గుంపులోకి తోసేస్తుంది, కావాలంటే ఆపేస్తుంది. విస్తరి ముందు కబుర్లాడేవాణ్ణి లేపి ఆఖరి బంతికి పంపినట్టు. కాకపోతే అది ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో వస్తుంది. మా బడ్జెట్ టీలకే చాలదు. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 నుంచీ ఉన్న రిసోర్స్ గవర్నర్ లాగిన్ దగ్గరే మనిషి ఏ గుంపో తేల్చేస్తుంది. మేం 14 మందిమీ 'అడ్మిన్' అనే ఒక్క పేరుతోనే లోపలికి వెళ్తున్నామని అప్పుడు గానీ బయటపడలేదు.

చివరికి మా దగ్గర ఉన్న డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌నే దారిలో పెడదామనుకున్నాం. అందులో వర్క్ మెమ్, అంటే క్వెరీ పనికిచ్చే మెమరీ, 4 ఎంబీ. మనిషికో బూరె అనుకున్నాం. తీరా చూస్తే అడిగినప్పుడల్లా ఓ బూరె. ఒకే క్వెరీలో ఎన్ని సార్టులుంటే (వరసలో పేర్చే పనులుంటే) అన్ని నాలుగులు!

ఇక స్టేట్‌మెంట్ టైమౌట్. క్వెరీ ఎంతసేపు నడవచ్చో చెప్పే హద్దు అది. మామూలుగా సున్నా, అంటే అడిగేవాడు లేడు. సెకన్లనుకుని 30 కొట్టింది నేనే. యూనిట్ రాయకపోతే దానికవి మిల్లీసెకన్లట. ఆ పూట కౌంటర్ దగ్గరున్న ముసలాయన పద్దు ఎన్నిసార్లు నొక్కినా తెర మీదికి రాలేదు. "ఏటి బావూ, నాను బతికే ఉన్నానా?" అన్నాడు.

తప్పు దిద్ది, మనిషికో లాగిన్ ఇచ్చి, సారు ఒక్కరికీ హద్దు ఎత్తేశాం. హోదా హోదానే కదా. సాయంత్రానికల్లా 13 మంది సారు లాగిన్‌లోనే ఉన్నారు. ఆయన పాస్‌వర్డు టేబుల్ అద్దం కింద, పైడితల్లి అమ్మవారి ఫొటో పక్కనే ఉంటుంది.

మూడో రోజు సారు గదిలో ఏసీ పాడైంది. ఫ్యాన్ గాలికి వచ్చి కొత్త గుమస్తా సీట్లో కూర్చున్నారు. సొంత లాగిన్ వాడుతున్నది ఆ అబ్బాయి ఒక్కడే. సారు రిపోర్టు నొక్కారు. సరిగ్గా 30 సెకన్లకి తెగిపోయింది.

కమిటీ ఆ మధ్యాహ్నమే రద్దయింది. అటెండరు మళ్లీ టేబుళ్ల చుట్టూ తిరుగుతున్నాడు.