లాక్స్ వేస్కుంటే తలస్నానం అక్కర్లేదట, ఎవడండీ చెప్పింది?

నాలుగ్రోజుల నుంచి ఒకటే రీల్, నాకే ఒక పదిమంది పంపించుంటారు, ఎందుకంటే విజయనగరంలో వాళ్ళకి తెల్సిన లాక్స్ తలకాయ నాదొక్కటే. లాక్స్ అంటే డ్రెడ్‌లాక్స్, జుట్టుని పాయలు పాయలుగా తాళ్ళలా బిగించి కట్టించుకోవడం. అందులో ఒకాయన చెప్పేదేంటంటే, లాక్స్ బద్ధకస్తుల హెయిర్‌స్టైల్ అట, దువ్వడం మానేస్తే వాటంతటవే కట్టేస్తాయట, తల కడగక్కర్లేదట, కొబ్బరినూనె దట్టిస్తే గట్టిపడతాయట, పేలు పట్టవట, ఏ పని చేసేవాళ్ళకైనా సెట్ అవుతాయట, బోర్ కొడితే విప్పేస్కుంటే పాత జుట్టు వచ్చేస్తుందట. నిమిషం వీడియోలో ఇన్ని తప్పులు ఎలా పట్టించాడో మరి. నేను మూడేళ్ళ నుంచి నెత్తిన మోస్తున్నా, పెళ్ళి ఫొటోలు తీస్తా, బండేస్కుని బొబ్బిలి, రాజాం, గజపతినగరం తిరిగే బతుకు, కాబట్టి నాకు తెల్సింది చెప్తా.

దువ్వడం మానేస్తే కట్టేస్తాయా? కడతాయి, కానీ లాక్స్ కాదు, అట్ట కడుతుంది. ఆఫ్రికా మూలాల వాళ్ళ జుట్టు స్ప్రింగులా చుట్టలు చుట్టుకునే జుట్టు, పాయలు పాయలుగా మెలేసి వదిలేస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. మన జుట్టు ఎక్కువమందికి సాఫుగానో కొంచెం అలలుగానో ఉంటుంది, మెలేస్తే సాయంత్రానికి జారిపోతుంది. అందుకే మనకి ముందు తలంతా గళ్ళు గళ్ళుగా పాపిళ్ళు తీసి, ఒక్కో పాయని కుదుళ్ళ వైపు వెనక్కి దువ్వి చిక్కు చేసి, సన్నటి క్రోషే సూదితో లోపలికి లాగి లాగి బిగిస్తారు. నాకైతే రెండ్రోజులు కూర్చోబెట్టారు, మెడ పట్టేసింది. అక్కడితో అయిపోదు, తల కడిగిన ప్రతిసారీ కుదుళ్ళ దగ్గర పక్కపక్కవి అతుక్కోకుండా వేళ్ళతో విడదీస్తూ ఉండాలి. అది మానేస్తే ఏమవుద్దో పల్లెల్లో చూసే ఉంటారు, ఎవరో ఒక ముసలామెకి జుట్టంతా ఒకే ముద్దయి జడలు కట్టేస్తే అమ్మవారు పూనింది, కత్తిరించకూడదు అని దణ్ణాలు పెడతారు, ఆవిడ మెడనొప్పి మాత్రం ఎవడికీ పట్టదు. ఇదీ అదీ ఒకటి కాదు. మా అమ్మమ్మ కూడా నన్ను మొదటిసారి చూసి "ఓలమ్మో, ఏట్రా నాయనా నెత్తి మీద ఆ మర్రి ఊడలేటి" అంది, అది వేరే సంగతి.

అసలు నాకు మండింది తలస్నానం మాట దగ్గర. మన ఉక్కపోతలో, శ్రీకాకుళం విజయనగరం గాలిలో ఉండే తేమకి, వారానికోసారైనా కడక్కపోతే మాడు దురద, చుండ్రు, వాసన, మూడూ గ్యారంటీ. ఇంకా చెప్పాలంటే శుభ్రంగా ఉన్న జుట్టే తొందరగా లాక్ అవుద్ది, జిడ్డు జుట్టు జారిపోద్ది. కడగడం పెద్ద కష్టం కాదు, ఆరబెట్టడమే కష్టం. బట్ట పిండినట్టు పిండాలి, తువ్వాలు వాడితే నూగు పట్టుకుంటుంది కాబట్టి పాత కాటన్ టీషర్టుతో అద్దాలి, ఫ్యాన్ కింద కూర్చోవాలి, లోపల తడుండగా పడుకోకూడదు. మందంగా ఉన్న లాక్ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడుంటుంది. నేను ఒక పైడితల్లమ్మ జాతరకి సిరిమాను ఫొటోలు తీస్తూ వానలో తడిసి, అలాగే ముడేసి టోపీ పెట్టేస్కుని తిరిగా. మర్నాటికి వానాకాలంలో ఆరని బట్టల ముక్క వాసన, నా తల నాకే కంపు. లోపల బూజు గట్టిగా పట్టిందంటే కత్తెరే దిక్కు అంటారు, నాది రెండు మూడు కడుగుళ్ళకి పోయింది, అదృష్టం.

ఇంకో మాట, కుంకుడుకాయ వాడేవాళ్ళు రసాన్ని పల్చటి గుడ్డలో వడగట్టే పొయ్యాలి, లేకపోతే తొక్కలు లోపల ఇరుక్కుంటాయి. శీకాయ పొడి, సున్నిపిండి, గోరింటాకు ముద్ద, వీటి జోలికి పోకండి, దువ్వెన తిరగని చోట ఇరుక్కున్న పిండి బయటికెలా వస్తుంది చెప్పండి? బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే చివర్న ఒక చెంబుడు మంచినీళ్ళు పోస్కోండి.

నూనె సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మాడుకి రెండు చుక్కలు రాస్కుంటే పర్లేదు, లాక్స్‌కి దట్టిస్తే దుమ్ము పట్టి లోపల జిగురులా తయారవుద్ది. గట్టిపడవు, బరువెక్కుతాయంతే.

పేలు పట్టవా? పేలకి కావాల్సింది మాడు, అది నాకూ ఉంది. తేడా ఏంటంటే మనకి పేల దువ్వెన పనికిరాదు, కాబట్టి పడితే ఇంకా ఇబ్బంది.

ఏ పనికైనా సెట్ అన్నాడే, అక్కడ నాకు నవ్వొచ్చింది. ఆయన హెల్మెట్ పెట్టడేమో. తల మీద ఇరవై, ముప్పై లావుపాటి లాక్స్ ఉంటే చూడ్డానికి సూపర్, హెల్మెట్ మాత్రం కిందికి దిగదు, పైన ముడేసి దాని మీద హెల్మెట్ పెడితే అది తలకి ఆనదు, పడితే ఉన్నా లేనట్టే. బండి మీద తిరిగేవాళ్ళు యాభై అరవై మధ్యరకం లాక్స్, భుజాల వరకు, మెడ దగ్గర కిందికి వదులుగా కట్టుకునేలా వేయించుకోవాలి, నావి అవే. జిమ్, రన్నింగ్ చేసేవాళ్ళకి ఇంకా పొట్టివి మేలు, రోజూ చెమట పడితే వారంలో రెండుసార్లు కడగాలి, పొడుగైతే ఎప్పుడారుతాయి? నాలుగు వందలు దాటే సిస్టర్‌లాక్స్ లాంటి సన్నవి రోజుకో రకంగా ముడేస్కోవచ్చు, ఆఫీసు ఆడవాళ్ళకి బావుంటాయి, కాకపోతే కుదుళ్ళు సరిచేయించడానికి గంటలు గంటలు కూర్చోవాలి, ఖర్చు కూడా దానికి తగ్గట్టే. నెల్లిమర్ల వైపు జూట్ మిల్లులో చేసినవాళ్ళకి ఆ పీచు దుమ్ము తెల్సు, అలాంటి చోట తలకి గుడ్డ కట్టకుండా లాక్స్ పెట్టుకుంటే నెలలో గోగునార కట్ట అయిపోద్ది. మరి మన వైపు కుర్రాళ్ళు సగంమంది పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తేది ఆర్మీకో కానిస్టేబుల్‌కో, అక్కడ పొట్టి క్రాఫే. నరసన్నపేట ఫ్రెండొకడు వేయించుకున్న మూడు నెల్లకే సెలక్షన్ కోసం గుండు చేయించుకున్నాడు, డబ్బులు దండగ.

ఏ రకమైనా బిగించి పైకి ముడేస్కోవడం రోజూ చేయకండి, తడిసినప్పుడు అసలే వద్దు. ఆ బరువుకి నుదుటి దగ్గర, కణతల దగ్గర జుట్టు పల్చబడుద్ది, ఏళ్ళ తరబడి లాగితే మళ్ళీ మొలవకపోవచ్చు.

విప్పేస్కోవచ్చు అన్న మాటలో కొంచెం నిజముంది, అది కూడా మొదటి కొన్ని నెలల్లోనే, కండిషనర్ పోసి ఓపిగ్గా చివర్నుంచి విప్పితే. తర్వాత కథ వేరు. ఎవరికైనా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి, మీకు దువ్వెనకి వస్తాయి, మాకు లాక్ లోపలే ఉండిపోతాయి. 50 లెక్కేసుకున్నా ఏడాదికి 18 వేలు పైమాటే. విప్పితే అదంతా ఒకేసారి చేతికొస్తుంది, తెలీనివాళ్ళు బట్టతల వచ్చేసిందని ఏడుస్తారు. ఊడకుండా ఉన్నవి కూడా తెగుతాయి, అందుకే ముదిరిన లాక్స్‌ని ఎక్కువమంది కత్తిరించేస్తారు.

మా పిన్ని కూతురు శ్రీకాకుళంలో ఉంటుంది, సంక్రాంతికి కొత్త లుక్ కావాలని ఇదే రీల్ పంపింది. దానికి చెప్పా, ఒసేయ్, ముందు ఫాక్స్ లాక్స్ పెట్టించుకో, విడి జుట్టు కలిపి అల్లుతారు, ఆరు వారాల్లో తీసేయొచ్చు, నీ రోజువారీ పనులకి పడుద్దో లేదో తెలుస్తుంది, కాకపోతే అది ప్లాస్టిక్ జుట్టు, గ్యాస్ పొయ్యి దగ్గర వెనక్కి కట్టుకో, మంట తగిల్తే కరిగిపోద్ది అని.

ఇంక ఆ రీల్ నాకు మొట్టమొదట పంపిన మహానుభావుడు పార్శిళ్ళు డెలివరీ చేస్తాడు, రోజంతా బండి మీదే. ఇదంతా చదివించాక "అయితే నాకెన్ని పడతాయిరా" అని అడిగాడు. ఆదివారం హెల్మెట్ పట్టుకుని రా, అది పెట్టి చూసి లెక్కేద్దాం అన్నా.