మెకాలేని కాసేపు పక్కన పెడదాం

ఆగస్టు 15 దగ్గర పడగానే మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫార్వర్డ్ వస్తుంది. "భారతదేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ కనపడలేదు, వీళ్ల చదువు చెడగొడితే గానీ మనకు లొంగరు" అని 1835 ఫిబ్రవరి 2న మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడని. ఆ రోజు ఆయన అసలు లండన్‌లోనే లేడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్నాడు. ఇంగ్లిషు చదువే చెప్పాలంటూ ఆ తేదీన ఆయన రాసిన అసలు కాగితం చదివినా మనకు కోపం రావడానికి కొదవ లేదు. మంచి యూరప్ లైబ్రరీలో ఒక్క అర, భారత, అరబ్బు సాహిత్యం మొత్తానికి సరితూగుతుందట. సంస్కృతం గానీ అరబ్బీ గానీ తనకు రాదని అందులోనే ఒప్పుకున్నాడు. ఇంకా దొంగ మాటలు పుట్టించడం ఎందుకు?

మన బడుల కథ తెలుసుకోవాలంటే అంతకు 12 ఏళ్ల ముందు బళ్లారి కలెక్టరు రాసిన రిపోర్టు చూడాలని నేనంటాను. ఆ కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్. 1816లో తెలుగు వ్యాకరణం రాసినవాడు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో (దత్తమండలాల్లో, అంటే రాయలసీమ, బళ్లారి వైపు, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని చెప్పుకునేది ఈయన గురించే) ప్రతి జిల్లాలో బడులెన్నో, పిల్లలెందరో లెక్క పంపమన్నాడు. అనంతపురం కూడా కలిసి ఉన్న అప్పటి బళ్లారి జిల్లా నుంచి 1823 ఆగస్టులో జవాబు వెళ్లింది. 533 బడులు, 6,641 మంది పిల్లలు. 226 బడుల్లో చదువు తెలుగులోనే.

చదువంతా బ్రాహ్మణులదే అనుకునేవాళ్లు ఒక అంకె చూడాలి. బ్రాహ్మణ మగపిల్లలు 1,185 మందయితే, శూద్రులని రాసినవాళ్లు 2,998. అలాగని స్వర్ణయుగం అని చప్పట్లు కొట్టేవాళ్లు ఇంకో అంకె చూడాలి. ఆడపిల్లలు 60 మంది. జిల్లా మొత్తానికి! పైగా పద్యాలు బట్టీ పట్టడమే తప్ప అర్థం అయ్యవారికీ తెలియదు, పిల్లలకీ తెలియదు అని క్యాంప్‌బెల్ విసుక్కున్నాడు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేవు, కారణం దేశం చితికిపోవడమే అంటాడు. ఇంగ్లండు బట్ట దిగి నేతగాళ్ల సంపాదన పడిపోయింది. కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సైన్యం వేరే చోట్లకు తరలిపోయి ఇక్కడి ధాన్యానికి గిరాకీ తగ్గింది. పాత రాజుల కాలంలో చదువుకు డబ్బూ భూమీ ఇచ్చేవారు, ఇప్పుడు 533 బడుల్లో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానంటాడు. ఇది కుంపిణీ కలెక్టరు తన పైవాళ్లకు పంపిన రిపోర్టు.

అందుకే నాకు మెకాలే మీద పడి ఏడవడం సులువైన పని అనిపిస్తుంది. ఆయన కలం పట్టకముందే వీధిబడి ఆకలితో చస్తోంది. నేతగాడి ఇంట్లో కూడు లేకపోతే కొడుకు మగ్గం గుంటలో కూర్చుంటాడు గానీ బడికి పోతాడా? తర్వాత వచ్చిన ఇంగ్లిషు చదువు ఆ ఖాళీలో మేడ కట్టుకుంది. 1844లో సర్కారు ఉద్యోగాల్లో ఇంగ్లిషు చదివినవాళ్లకే ముందు చోటు అన్నారు. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. చదువంటే ఉద్యోగం అన్న లెక్క అక్కడ గట్టిపడింది. ఆ లెక్క పట్టుకునే మనం వీసా స్టాంపింగ్ క్యూ దాకా వచ్చాం కదా, కాదంటే ఎలా?

ఆ రిపోర్టులోనే ఇంకో మాట ఉంది. బళ్లారి బడుల్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని మెచ్చుకుంటూ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబే అన్నాడు. మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర బడిలో ఆండ్రూ బెల్ అనే పాదిరీ అమలు చేసి తీసుకెళ్లిన పద్ధతి అది. ఇంగ్లండులో దానికి మద్రాస్ సిస్టమ్ అనే పేరు.

మా ఆదివారం తెలుగు క్లాసులో టీచర్లు చాలక, పోయిన దసరాకి అక్షరాభ్యాసం చేసిన చిన్నవాళ్లను ఎనిమిదో తరగతి అమ్మాయికి అప్పగించాం. పళ్లెంలో బియ్యం పోసి, వాళ్ల వేళ్లు పట్టుకుని దిద్దిస్తోంది. వాళ్ల అమ్మమ్మ వీడియో కాల్లో చూసి, "ఋ అలా కాదే, తోక ఇటు తిప్పు" అని అరుస్తోంది.